ఒక రాత్రి దూరం

ప్రపంచంలోకెల్లా ఎక్కువ దూరం ఎగరగల బాంబర్లు ఒకప్పుడు ఖరగ్‌పూర్ నుంచే లేచేవి. ఆ ఊరి తెలుగువాళ్లను సొంతూరికి చేర్చేది మాత్రం ఇప్పటికీ రైలే.

మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే ఖరగ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి దాదాపు 670 కిలోమీటర్లు. జెట్ విమానానికి అదొక దూరమే కాదు. ఇలా పైకి లేచి, ఓ కప్పు టీ తాగేలోగా దిగడం మొదలెట్టొచ్చు. చిక్కల్లా ఒక్కటే. ఖరగ్‌పూర్‌లో ప్రయాణికులు విమానం ఎక్కే చోటు లేదు. ఊరి పక్కన కలైకుండాలో పెద్ద రన్‌వే ఉంది కానీ అది వైమానిక దళానిది. అందువల్ల శ్రీకాకుళంలో ముసలి తల్లిని చూడబోయే ఖరగ్‌పూర్ తెలుగు ఉద్యోగి విమానమే ఎక్కుతానంటే, నైరుతి దిక్కున ఉన్న ఊరికి చేరడానికి ముందు ఈశాన్యంగా కోల్‌కతాకు పోవాలి.

ఆ ప్రయాణాన్ని గడియారంతో లెక్కేస్తే అసలు సంగతి తెలుస్తుంది. హౌరాకు 115 కి.మీ., లోకల్ బండిలో రెండున్నర గంటలు. హౌరా నుంచి నగరాన్ని అడ్డంగా దాటి దమ్‌దమ్ విమానాశ్రయానికి చేరడానికి తక్కువలో తక్కువ గంట. అక్కడ తనిఖీలకీ నిరీక్షణకీ గంటన్నర. టైమ్‌టేబుల్ ప్రకారం కోల్‌కతా నుంచి విశాఖకు సుమారు గంటన్నర. దిగాక సామాను చేతికొచ్చేసరికి అరగంట. విశాఖ నుంచి శ్రీకాకుళానికి వంద కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు, అదో రెండున్నర గంటలు. అన్నీ అనుకున్నట్టు జరిగితే తొమ్మిదిన్నర గంటలు. అదే మనిషి ఖరగ్‌పూర్‌లో రైలెక్కితే దాదాపు 635 కి.మీ. దూరంలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో, అంటే ఆమదాలవలసలో, పదకొండు పన్నెండు గంటల్లో దిగుతాడు. విమానం మిగిల్చేది రెండు గంటలు. దానికి చెల్లించే ధర స్లీపర్ టికెట్‌కు ఎన్నో రెట్లు. ఇక రైల్వే ఉద్యోగికైతే పాసు ఉండనే ఉంది, టికెట్ ఊసే లేదు.

అందుకే ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో ఊరెళ్తున్నానన్నవాణ్ని ఎన్ని కిలోమీటర్లని ఎవరూ అడగరు. ఏ బండికని అడుగుతారు. సాయంత్రం బండెక్కితే తెల్లవారేసరికి కిటికీ బయట తాటిచెట్లు, జీడితోటలు, తెలుగు అక్షరాల స్టేషన్ బోర్డులు. ఈ రెండు చోట్ల మధ్య దూరం ఒక రాత్రి. నూరేళ్లకు పైగా అంతే.

కంపెనీ గీసిన గీత

ఇంతకీ బెంగాల్‌లోని మేదినీపూర్ ఎర్రమట్టి నేలలోకి ఇంతమంది తెలుగువాళ్లు ఎలా వచ్చారు? బెంగాలీ బాబులు, ఒడియాలు, బిహారీలు ఎటూ పక్కవాళ్లే. తెలుగువాళ్లు రావడానికి కారణం దూరం కాదు, ఒక రైలు కంపెనీ సరిహద్దు.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. దాని లైను 1900లో హౌరాను తాకింది. ఆ దారిలో జంక్షన్‌గా, పెద్ద వర్క్‌షాపుతో, కాగితం మీద గళ్లు గీసినట్టున్న క్వార్టర్లతో పుట్టిన ఊరు ఖరగ్‌పూర్. అదే కాలంలో కటక్ నుంచి విజయవాడ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరిట ప్రభుత్వం తీర మార్గం వేసింది. 1893 నుంచి 1896 లోపు అది దశలవారీగా పూర్తయింది. 1901-02లో ఆ మార్గాన్ని రెండు ముక్కలు చేశారు. వాల్తేరుకు దక్షిణాన ఉన్నది మద్రాస్ రైల్వేకు, ఉత్తరాన ఉన్నది బి.ఎన్.ఆర్.కు వెళ్లింది.

ఆ కోతతో విజయనగరం, శ్రీకాకుళం, పలాస, ఇచ్ఛాపురం ఒక్కసారిగా కలకత్తా కేంద్రంగా నడిచే కంపెనీ పరిధిలోకి వచ్చాయి. వాల్తేరు ఆ కంపెనీకి దక్షిణపు కొస. గ్యాంగుల్లో గడ్డపార పట్టినవాడికి, లోకోషెడ్డులో బొగ్గు ఎత్తినవాడికి, ఫిట్టర్ పనిలో చేరినవాడికి పెద్ద వర్క్‌షాపు అంటే ఖరగ్‌పూరే. మద్రాస్ ప్రెసిడెన్సీ పౌరుడైనా శ్రీకాకుళం రైతుకూలీకి పనిచ్చే ఊరు మద్రాస్ కాదు, బెంగాల్‌లోది. గోదావరికి ఇవతల పుట్టినవాడు తూర్పు దారి పట్టాడు. అందుకే ఖరగ్‌పూర్ తెలుగు నేటికీ ఉత్తరాంధ్ర యాసే. దాని మీద హిందీ, బెంగాలీ మాటలు కాస్త చల్లినట్టుంటాయి.

ఆ రోజుల్లో ఉత్తరాంధ్ర కూలీకి మరో దారి కూడా ఉండేది. సముద్రం మీదుగా బర్మా. తీరంలోని పల్లెల్లో రంగూన్‌ను రంగం అనేవారు. రంగం వెళ్లినవాడు డబ్బు పంపొచ్చు, పంపకపోవచ్చు. ఓడ మీద రోజుల తరబడి ప్రయాణం. ఏ పండక్కో పబ్బానికో రావడం కుదిరేది కాదు. ఖరగ్‌పూర్ వెళ్లినవాడు అలా కాదు, సంక్రాంతికి వచ్చి, మళ్లీ సెలవు అయిపోకముందే వెళ్లిపోగలడు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కడంతో ఆ సముద్రపు దారి తెగిపోయింది. వేలాది భారతీయులు కాలినడకన కొండలు, అడవులు దాటి ప్రాణాలు దక్కించుకున్నారు. ఎందరో దారిలోనే పోయారు. ఖరగ్‌పూర్ దారి మాత్రం నిలిచింది. పక్కపక్క పల్లెల నుంచి బయల్దేరిన ఇద్దరు అన్నదమ్ముల తలరాతలు ఎవడు ఏ దారి పట్టాడన్న దాన్ని బట్టి మారిపోయిన రోజులవి.

ఈ ఊరి కార్మికుల కథలో తెలుగువాళ్లకు బాగా తెలిసిన పేరు ఒకటుంది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపును ఊపేసిన సమ్మెల కాలంలో బి.ఎన్.ఆర్. కార్మిక సంఘాన్ని నడిపిన నాయకుల్లో వరాహగిరి వెంకటగిరి ఒకరు. ఆయన పుట్టింది బరంపురంలో. అది కూడా ఇదే లైను మీది ఊరు. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారు.

కాన్సాస్ నుంచి 18,500 కిలోమీటర్లు

రైలు కొలతలతో బతికే ఊళ్లోకి విమానపు కొలతలు వచ్చింది 1944లో. అవి మామూలు కొలతలు కావు.

జపాన్ ప్రధాన భూభాగం మీద బాంబులు వేయగల పరిధి ఉన్న విమానం అప్పట్లో ఒక్కటే, అమెరికా కొత్తగా తయారుచేసిన బి-29 సూపర్‌ఫోర్ట్రెస్. దాన్ని వాడటానికి ఏర్పడిన 20వ బాంబర్ కమాండ్ ఖరగ్‌పూర్‌ను కేంద్రంగా చేసుకుంది. కార్యాలయం పెట్టింది హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయిన జైలు అది. 1951లో దేశపు తొలి ఐఐటీ మొదలైందీ ఆ భవనంలోనే. ఒకే ఇటుక గోడలకు ఇరవై ఏళ్లలో మూడు ఉద్యోగాలు.

చుట్టుపక్కల చాకులియా, చర్రా, పియార్‌డోబా, దూధ్‌కుండీ, కలైకుండా ప్రాంతాల్లో వేలాది కూలీలు రన్‌వేలు వేశారు. విమానాలు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం నుంచి రావాలి. అవి వచ్చిన దారిని సైనిక రికార్డులు మజిలీలవారీగా చెబుతాయి. శాలైనా నుంచి కెనడా తూర్పు తీరంలో గాండర్, అక్కడి నుంచి అట్లాంటిక్ దాటి మొరాకోలోని మరాకేష్, ఆపైన కైరో, కరాచీ, చివరికి కలకత్తా ప్రాంతం. మొత్తం 11,530 మైళ్లు, అంటే 18,500 కి.మీ. పైమాటే. పట్టిన కాలం అయిదు రోజులు, అదీ ఇంజన్లు మొరాయించకపోతే. కొత్త ఇంజన్లు వేడెక్కి మంటలంటుకోవడం ఆ విమానాలకు మామూలు జబ్బు.

శాలైనా, ఖరగ్‌పూర్ భూగోళం మీద ఇంచుమించు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. ఒకటి దాదాపు 98 డిగ్రీల పశ్చిమం, రెండోది 87 డిగ్రీల తూర్పు. గ్లోబు మీద దారం లాగి పట్టుకుంటే అది అట్లాంటిక్ వైపు పోదు, ఉత్తర ధ్రువం పక్క నుంచి వస్తుంది. ఆ దారిలో దూరం 13,200 కి.మీ. మాత్రమే. మరి అయిదువేల కిలోమీటర్లు ఎక్కువ ఎందుకు తిరిగారు? దారిలో దిగడానికి నేల, పోసుకోవడానికి పెట్రోలు, శత్రువు లేని ఆకాశం కావాలి గనుక. విమానం దూరం గ్లోబు మీద ఒకటి, నేల మీద మరొకటి. విశాఖకు పోవాలంటే కోల్‌కతాకు పోవాల్సిన ఖరగ్‌పూర్ గృహిణికి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

1944 జూన్ 5న తొలి దాడి జరిగింది. 98 విమానాలు లేచాయి. లక్ష్యం బ్యాంకాక్‌లోని మక్కాసన్ రైల్వే వర్క్‌షాపు. ఒక రైల్వే వర్క్‌షాపు ఊరి నుంచి వెళ్లి మరో రైల్వే వర్క్‌షాపును కొట్టడమన్నమాట. రానూపోనూ 2,261 మైళ్లు, అంటే 3,600 కి.మీ. పైన. యుద్ధంలో అప్పటిదాకా జరిగిన బాంబు దాడుల్లో అంత దూరపుది లేదు. లక్ష్యం మీదికి చేరినవి 77. తిరుగు ప్రయాణంలో పెట్రోలు చాలక 42 విమానాలు దొరికిన చోటల్లా దిగాయి, అయిదు దిగబోతూ కూలాయి.

జపాన్ సంగతి ఇంకా కష్టం. ఖరగ్‌పూర్ నుంచి నేరుగా అందదు. హిమాలయాల తూర్పు కొసను దాటి 1,900 కి.మీ. దూరంలోని చైనా నగరం చెంగ్‌డూలో దిగి, అక్కణ్నించి మళ్లీ లేవాలి. చెంగ్‌డూలో పెట్రోలు లేదు. అదీ ఇక్కణ్నించే మోసుకుపోవాలి. ఒక విమానం జపాన్ మీద ఒకసారి బాంబు వేసి రావడానికి కావాల్సిన ఇంధనం పోగేయాలంటే కొండల మీదుగా ఆరేడు సార్లు తిరగాల్సి వచ్చేది. జూన్ 15 రాత్రి యవాతా ఉక్కు కర్మాగారం మీదికి చెంగ్‌డూ నుంచి 75 విమానాలను పంపితే 47 బాంబులు వేయగలిగాయి. కర్మాగారానికి తగిలింది ఒక్క బాంబు. దూరాన్ని జయించడం ఒక ఎత్తు, ఆ దూరం దాటాక పని చేయడం మరో ఎత్తు అని ఖరగ్‌పూర్‌లోని అధికారులకు తెలిసివచ్చింది. ఆ ఆగస్టులో కమాండ్ పగ్గాలు కర్టిస్ లెమే చేతికి వెళ్లాయి.

తర్వాత ఇక్కణ్నించి నేరుగా వెళ్లి కొట్టిన లక్ష్యాల్లో నవంబరు 3న రంగూన్‌లోని రైల్వే యార్డులు, నవంబరు 5న సింగపూర్ ఓడల మరమ్మతు రేవు ఉన్నాయి. సింగపూర్ ఇక్కడికి 2,900 కి.మీ. పైన, అంటే పోయి రావడానికి ఆరువేల కిలోమీటర్లకు దగ్గర. తెలుగు కూలీలు ఓడ దిగిన రంగం మీదికి బాంబర్లు లేచింది మరో దారిలో వెళ్లిన తెలుగు కార్మికులుండే ఊరి పొలిమేర నుంచి. 1945 వసంతానికి విమానాలన్నీ పసిఫిక్ దీవులకు తరలిపోయాయి. చాలా రన్‌వేల మీద గడ్డి మొలిచింది.

కలైకుండా మాత్రం మిగిలింది. 1965 సెప్టెంబరు 7న తూర్పు పాకిస్థాన్ నుంచి వచ్చిన శాబర్ జెట్‌లు దాని మీద దాడి చేశాయి. 2007లో కుదిరిన ఒప్పందంతో సింగపూర్ వైమానిక దళం తన యుద్ధ విమానాలను ఇక్కడికి తెచ్చి శిక్షణ పొందుతోంది. ఆ దేశం చిన్నది, ఆకాశం చాలదు. 1944లో ఇక్కణ్నించి విమానాలు బాంబులతో సింగపూర్ వెళ్తే, ఇప్పుడు సింగపూర్ విమానాలే ఇక్కడికి వస్తున్నాయి.

దగ్గరైన హైదరాబాద్

విమానయానంలో దూరానికీ కాలానికీ ఉన్న బంధం సూటిగా ఉండదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన దిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి నుంచి పసిఫిక్ దారికి మార్చింది. దూరం సుమారు 1,400 కి.మీ. పెరిగి 15,300 కి.మీ. దాకా అయింది. ప్రయాణ కాలం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు దిగింది. భూమి తిరిగే దిశలోనే, పడమర నుంచి తూర్పుకి, పైన బలమైన గాలులు వీస్తాయి. ఆ గాలికి వీపు చూపిస్తే దూరం ఎక్కువైనా కాలం తక్కువ.

నేల మీద గాలి లేదు కానీ దాని బదులు క్యూలు, టాక్సీలు, ట్రాఫిక్ ఉన్నాయి. వీటికి పట్టే సమయం ప్రయాణం చిన్నదైనా పెద్దదైనా మారదు. ఖరగ్‌పూర్ మనిషి ఏ విమానం ఎక్కాలన్నా గాల్లోకి లేవకముందే అయిదు గంటలు అర్పించుకోవాలి. శ్రీకాకుళం ప్రయాణంలో ఆ అయిదు గంటలే మొత్తాన్ని మింగేస్తాయి. అదే హైదరాబాద్ అయితే కథ మారుతుంది. ఖరగ్‌పూర్ నుంచి సికింద్రాబాద్‌కు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ. కోల్‌కతా నుంచి విమానం ఎక్కితే 1,200 కి.మీ. దూరం రెండు గంటల పైచిలుకులో అయిపోతుంది. ఇంటి గడప నుంచి గడపకు పదిగంటల లోపు. ఇక్కడ విమానం గెలుపు సందేహం లేనిది. బెంగళూరుదీ అదే లెక్క.

ఫలితం విచిత్రం. తాత పుట్టిన పల్లె ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది, అదే ఒక రాత్రి దూరం. మనవడు ఉద్యోగం చేసే హైదరాబాద్, మ్యాపు మీద రెట్టింపు దూరమైనా, గడియారం మీద ఆ పల్లె కంటే దగ్గరికొచ్చేసింది. వర్క్‌షాపులో తండ్రి పని కొడుక్కి దొరికే రోజులు పోయాయి. చదువుకున్న పిల్లలు సాఫ్ట్‌వేర్ ఊళ్లకు, అక్కణ్నించి అమెరికాకు వెళ్తున్నారు. వాళ్లు సెలవులకు ఖరగ్‌పూర్ వస్తారు. పెళ్లి కార్డు పట్టుకుని పలాస దాకా వెళ్లడానికి మాత్రం సెలవు చాలదు. బంధుత్వాలకు ఇంతకాలం ప్రాణం పోసింది ఆ రాత్రి బండి. దాన్ని ఎక్కేవాళ్ల వయసు పెరుగుతోంది.

భాష మాటేమిటంటే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునిచ్చింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు చాలాకాలంగా అడుగుతున్నదే అది. గుర్తింపు వచ్చింది కానీ, ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడి తెలుగు అక్షరం చదవలేని పిల్లలు ఈ ఊళ్లో కొత్త కాదు. ఆ పిల్లలకు స్టేషన్ బోర్డు చదివి ఊరొచ్చిందని చెప్పేది ఇప్పటికీ అమ్మమ్మే.

కబురు అందాక

ఒక రాత్రి దూరానికి అసలు పరీక్ష చావు కబురు. టెలిగ్రాం రోజుల్లో కబురు అందేసరికే సగం పొద్దు గడిచేది. సాయంత్రం బండి అందితే తెల్లారి దహనానికి చేరవచ్చు, తప్పిపోతే పదో రోజుకే. కొడుకు వచ్చేదాకా శవాన్ని ఉంచాలా వద్దా అన్నది ఊళ్లో పెద్దలు రైళ్ల టైములు చూసి తేల్చేవారు. 1977లో మొదలైన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఈ లెక్కను మార్చింది. సాయంత్రం అయిదు ప్రాంతంలో ఖరగ్‌పూర్‌లో ఎక్కితే తెల్లవారుజామున విశాఖ. దాదాపు 765 కి.మీ. పదకొండు గంటల్లో. ఇప్పుడు ఫోను క్షణంలో మోగుతుంది, ఐసుపెట్టె రెండు రోజులైనా ఆపుతుంది. అయినా కబురు అందగానే మనిషి చేసే మొదటి పని మారలేదు. ఈ రాత్రికి ఏ బండి ఉందో చూడడం.

2023 జూన్ 2న ఆ బండే కబురైంది. శాలిమార్ నుంచి బయల్దేరిన కోరమండల్ ఖరగ్‌పూర్ దాటి, 140 కి.మీ. లోపే, బాలాసోర్ జిల్లా బహనగా బజార్ స్టేషన్ దగ్గర రాత్రి ఏడు కావస్తుండగా మెయిన్ లైను వదిలి లూప్ లైనులోకి మళ్లి ఆగివున్న గూడ్సును ఢీకొంది. ఎగిరిపడిన పెట్టెలు అటుగా వస్తున్న బెంగళూరు-హౌరా రైలుకు తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్‌లో మార్పులు చేసినప్పుడు జరిగిన పొరపాట్లే కారణమని భద్రతా విచారణ తేల్చింది. ఆ స్టేషన్ ఖరగ్‌పూర్ డివిజన్‌లోదే. అంటే ఊరి వీధుల్లో నివసించే రైల్వే మనుషుల పని పరిధిలోది. తమవాళ్లు ప్రయాణికులుగా ఎక్కే బండి, తమవాళ్లు సిబ్బందిగా నడిపే లైను. ఈ రెండూ ఒకే చోట విరిగిన రాత్రి అది. రెండు రోజులు దాటగానే పట్టాల మీద మళ్లీ బండ్లు కదిలాయి. ఎక్కేవాళ్లూ ఎక్కారు. వేరే దారి ఏముంది?

తుపాను వస్తే రైలూ విమానమూ ఒక్కటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయం పైకప్పును చీల్చేసింది, కొన్ని రోజులు విమానాలే లేవు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను పడుకోబెట్టింది, రైళ్లు ఆగిపోయాయి. ఖరగ్‌పూర్‌లో ఉన్నవాళ్లకు ఇంట్లోవాళ్లు బతికున్నారో లేదో తెలియని గంటలవి.

2020 మార్చి చివరిలో అయితే తుపాను లేకుండానే అన్నీ ఆగాయి. ప్రయాణికుల రైళ్లు లేవు, విమానాలు లేవు. ఒక రాత్రి దూరం కొలవడానికి వీల్లేనిదైంది. దేశంలో విమానాలు మే 25న మళ్లీ లేచినా ఆంధ్రప్రదేశ్‌లో 26న, అంఫన్ తుపాను దెబ్బతిన్న బెంగాల్‌లో 28న గానీ మొదలు కాలేదు. జూన్ 1 నుంచి నడిపిన 200 ప్రత్యేక రైళ్ల జాబితాలో ఫలక్‌నుమా ఉంది. ఆ రెండు నెలల్లో తండ్రి పోయినా వెళ్లలేకపోయిన కొడుకులు ఈ ఊళ్లో ఉన్నారు. నూరేళ్లలో మొదటిసారి ఖరగ్‌పూర్ కూడా రంగంలా మారింది.

రైల్వే పరిపాలనలో 2003 ఏప్రిల్ 1న ఇంకో గీత పడింది. ఈస్ట్ కోస్ట్ రైల్వే జోన్ పుట్టి వాల్తేరు డివిజన్ దానిలోకి వెళ్లింది. ఖరగ్‌పూర్ ఆగ్నేయ రైల్వేలోనే మిగిలింది. 1901-02లో ఈ రెండు చోట్లనూ ఒకే కంపెనీ గూటికి చేర్చిన గీత అలా చెరిగిపోయింది. పాసులకు జోన్ అడ్డుకాదు కానీ బదిలీలకు అడ్డే. శ్రీకాకుళం దగ్గరికి బదిలీ చేయించుకుని రిటైరవుదామని కలగన్న ఉద్యోగికి అది ఇక సొంత జోన్ కాదు.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. చాలాకాలం ప్రపంచంలో అదే పెద్దది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. బిరుదు పోయినా నడక తగ్గలేదు. పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలియక సామానుతో ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తడం ఈ ఊరి పిల్లలందరికీ చిన్నప్పటి జ్ఞాపకం. ఆ సామానులోనే అసలు విషయం ఉంది. వెళ్లేటప్పుడు చలికాలపు ఖర్జూర బెల్లం, బెంగాలీ మిఠాయి పెట్టెలు. వచ్చేటప్పుడు బస్తాడు బియ్యం, పలాస జీడిపప్పు, ఎండుచేపలు, గుడ్డ బిగించిన ఆవకాయ జాడీ. స్లీపర్ బోగీలో టికెట్‌కు 40 కిలోల దాకా ఉచితం, ఎవరూ తూచరు. విమానంలో సాధారణంగా 15 కిలోలు, కాంటా మీద పెట్టి మరీ. ఎండుచేపల వాసనకు పక్క సీటువాడు ఊరుకోడు. ఇక ఆవకాయ జాడీని చేతిసంచిలో పెట్టుకుంటే తనిఖీ దగ్గరే తీసి పక్కన పెట్టేస్తారు.